మోకుకు జానెడు తక్కువ

మోకు అందలేదు.

కనకయ్య ఊపిరి బిగబట్టి, పొట్టను లోపలికి లాక్కుని ఇంకోసారి ప్రయత్నించాడు. తాటిచెట్టు చుట్టూ తిరిగి వచ్చిన కొస కుడిచేతిలో ఉంది. నడుము వెనక నుంచి తిప్పి తెచ్చిన కొస ఎడమచేతిలో ఉంది. ఈ కొసను ఆ కొసన ఉన్న మెలికలో దూర్చి బిగిస్తే చెట్టూ మనిషీ ఒకటవుతారు. ఆ తాడు మీద వెనక్కి ఒరిగి, రెండు చేతులూ వదిలేసి, పైన గెల గీసుకోవచ్చు. కానీ ముందు రెండు కొసలూ కలవాలి కదా. మధ్యలో అతని పొట్ట ఉంది.

బుచ్చన్న పొలం ఒరం గట్టు మీద కూర్చుని కల్లుకత్తి నూరుతున్నాడు. కనకయ్య తండ్రికి తమ్ముడు. అరవై ఏడేళ్ల మనిషి, చింతబరిగెలా ఉంటాడు. మోకాళ్లు మాత్రం అరిగిపోయాయి. మెల్లగా లేచి వచ్చి రెండు కొసల మధ్య తన చెయ్యి పెట్టాడు. బొటనవేలు ఒక కొసకు, చిటికెనవేలు ఇంకో కొసకు ఆనించాడు.

"జానెడు," అన్నాడు. "పన్నెండు వేళ్లు."

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. మస్కట్‌లో ఒక కంపెనీ గేటు దగ్గర పదకొండేళ్లు కూర్చుని తిన్న కనకయ్య విషయంలో మాత్రం కొండ పెరిగింది. ఆ కొండను చూసే, పోయిన నెల దుబాయి కొలువు కోసం చేయించుకున్న మెడికల్‌లో షుగరు, బీపీ రాసి, కాగితం మీద 'అన్‌ఫిట్' అని ముద్ర గుద్దారు. ఎడారికి పనికిరాని మనిషి ఇక తాటివనానికి రావలసిందే.

"మోకును జెర పెంచితే అయిపాయె గద కాకా," అన్నాడు కనకయ్య.

"పెంచచ్చు. కని నీ బరువు మోసేది మోకు గాదురా. నీ చేతులు, నీ కాళ్లు. గీ మోకు మీ బాపుది. నీకు ఇరవయ్యేండ్లప్పుడు గిదే మోకు కట్టుకొని పూటకు పది చెట్లెక్కినవ్. మోకు గంతనే ఉన్నది, నువ్వే పెరిగినవ్. మోకు అందినప్పుడే చెట్టు నిన్ను ఒప్పుకున్నట్టు."

"పదొద్దులే ఉన్నయి కాకా."

పదో రోజు జగిత్యాల నుంచి ఆబ్కారీ సారు వస్తాడు. ఆయన ముందు చెట్టెక్కి దిగినవాడి పేరే కల్లుగీత సంఘం పుస్తకంలో ఎక్కుతుంది. బుచ్చన్నకు కొడుకుల్లేరు. అతని వాటా పన్నెండు చెట్లు అన్న కొడుక్కే రావాలని సంఘం ఒప్పుకుంది. కానీ ఎక్కేవాడు లేని చెట్లను సంఘం ఊరికే ఉంచదు, ఇంకొకరికి పంచేస్తుంది. ఈ సీజనుతో దిగిపోతానని బుచ్చన్న అందరికీ చెప్పేశాడు.

"ఒక్కటి యాదికుంచుకో," అన్నాడు బుచ్చన్న, కత్తిని ఒరలో పెడుతూ. "కడుపుల గటక పడకుంట చెట్టును ముట్టద్దు. ఎంత యాళ్లయినా సరే."

కనకయ్య తలూపాడు. చెట్టు తల వైపు చూశాడు. పది నిలువుల ఎత్తు. ఇరవై ఏళ్ల వయసులో ఈ చెట్టు పైనుంచి కోరుట్ల రోడ్డు మీద పోయే బస్సులు లెక్కపెట్టేవాడు. ఇప్పుడు కింద నిలబడి చూస్తేనే కళ్లు తిరుగుతున్నాయి.

ఇంటికి పోయే దారిలో ఐలయ్య ఇల్లు ఉంది. వసారాలో నులకమంచం, మంచం మీద ఐలయ్య. పోయినేడాది చెట్టు మీది నుంచి పడ్డాడు. నడుము కింద ప్రాణం లేదు. కనకయ్య ఆ ఇంటి ముందు ఎప్పుడూ తల వంచుకుని గబగబా నడుస్తాడు. ఈ రోజు తప్పించుకోలేకపోయాడు.

"కనకా, ఎక్కుతున్నవటనే?"

"చూడాలె అన్నా."

"మోకు తెగలే, ఎరికేనా?" కనకయ్య అడగకపోయినా ఐలయ్య చెప్పాడు. ఎవరు కనబడినా అదే చెబుతాడు. "చెట్టు ఊగలే, గాలి లేదు. చేతులు వణికినయ్ గంతే. ఎందుకు వణికినయో గిప్పటికి అడుగుతాంటరు అందరు."

దుప్పటి కింద అతని కాళ్లు రెండు కట్టెల్లా ఉన్నాయి. కనకయ్య వాటినే చూస్తూ ఉండిపోయాడు. ఏదో ఒకటి అని, అక్కణ్నుంచి బయటపడ్డాడు.

నవనీత గడపలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. మొగుడి ముఖం చూసి విషయం కనిపెట్టింది. ఆకులో తంబాకు సర్ది, చుట్టి, దారం వేసి, మూతి మడిచి పక్కన పడేసింది. ఇంకోటి అందుకుంది.

"అందలేదా మోకు?"

"జానెడు తక్కువున్నది."

"మంచిగైంది."

"మంచిగైందా?"

"ఐలయ్య బావ పక్కపొంటి ఇంకో మంచమెయ్యాల్నా? సిరిసిల్లకు పోదాం. మా అక్కోళ్లు బట్టలు నేసే సాంచెల మీద పని ఇప్పిస్తమన్నరు."

"సిరిసిల్లల ఉన్నోళ్లే పనిలేక భీవండి పోతాండ్రు. మనకు ఇస్తరా?" అని కనకయ్య లోపలికి పోయాడు. గది మూలన మస్కట్ నుంచి వచ్చిన అట్టపెట్టె ఇంకా అట్లాగే ఉంది. దానికి నీలం నైలాన్ తాడు నాలుగు వరసలు కట్టి ఉంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో అతని పేరు, ఊరు, ఫోన్ నంబరు. మనిషి తప్పిపోయినా పెట్టె తప్పిపోకూడదని గల్ఫ్ మనుషులు పడే జాగ్రత్త అది.

మర్నాడు కోరుట్ల సర్కారు దవాఖానకు పోయాడు. షుగరు గోలీలు ఇచ్చే గదిలో మానస అనే నర్సు ఉంది. పాతికేళ్లుంటాయి. బరువు చూసే మిషను మీద నిలబడమంది.

"తొంభై ఏడు. చెప్పులు ఇడిసినవా అన్నా?"

"ఇడిసిన."

"అయితే తొంభై ఏడే."

కనకయ్య తన అవసరం చెప్పాడు. పది రోజుల్లో కనీసం ఇరవై కిలోలు తగ్గాలి. ఏదైనా సూది ఉందా, గోలీ ఉందా, పొడి ఉందా అని అడిగాడు. మానస నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండునని కనకయ్యకు అనిపించింది.

"పదొద్దుల్ల పోయేది బరువు గాదన్నా, నీళ్లు. మల్ల పదొద్దుల్ల అవి ఎనుకకొస్తయ్. నెలకు రెండు కిలోలు తగ్గు, చాలు. ఏడాదికి ఇరవై నాలుగు. అవి మల్ల రావు."

"నాకు ఏడాది లేదమ్మా."

"మరి పదకొండేండ్లు పట్టింది గద పెరగనీకె?" అంది ఆ పిల్ల. చీటీ వెనక పెన్నుతో గుండ్రంగా ఒక పళ్లెం గీసింది. "సగం పళ్లెం కూర. పావు వంతు పప్పు. మిగిలిన పావుల అన్నమో, గటకో, రొట్టెనో. మూడు పూటలు తినాలె, ఒక్క పూట ఎగ్గొట్టద్దు. చాయల చక్కెర బంద్. ఈ వారం రోజుకు పావుగంట నడువు. వచ్చే వారం ఇంకో అయిదు నిమిషాలు కలుపు. గోలీ తిన్నంకనే వేసుకోవాలె. ఉత్తకడుపుతోని వేసుకుంటే షుగరు పడిపోతది, చెమటలొస్తయ్, చేతులు వణుకుతయ్. ఇంటున్నవా?"

వింటూనే ఉన్నాడు. కానీ భయపడిన మనిషి చెవులకు కావలసిన మాటే తగులుతుంది. గోలీ వేసుకుంటే పడిపోతుంది, తినకపోతే ఇంకా పడిపోతుంది అన్నంత వరకే కనకయ్యకు తగిలింది. రెండూ కలిపితే తొందరగా పని అవుతుంది కదా అని బస్సులోనే లెక్క వేసుకున్నాడు. చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి తిండి మానేశాడు. నవనీతకు తెలియకుండా మానేయడం కష్టమేమీ కాలేదు. ఆమె చాట ముందు కూర్చుంటే తల ఎత్తదు. మక్కరవ్వతో వండిన వేడి గటక గిన్నెలో పోసి ఇస్తే, పెరట్లోకి తీసుకుపోయి మేకకు పెట్టేవాడు. గిన్నె కడిగి బోర్లించేవాడు. రాత్రిపూట వనంలో కాకతో తిన్నానని చెప్పేవాడు. గోలీ మాత్రం వేళకు వేసుకునేవాడు. దాహం వేస్తే నీళ్లు, ఆకలి వేస్తే నీళ్లు. నాలుగు రోజుల్లో మేక బలిసింది.

అయిదో రోజు సాయంత్రం కనకయ్య మక్కలు కొనే షావుకారు కాంటా ఎక్కి నిలబడ్డాడు. తొంభై రెండున్నర చూపించింది.

"గీ బస్తా ఎవలిదే? తేమ ఎక్కువున్నట్టుంది, ఆరబెట్టుకొని తేపో," అన్నాడొక హమాలీ. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కనకయ్య కూడా నవ్వాడు. నాలుగున్నర కిలోలు. అతని కళ్లకు ఆ కాంటా ముల్లు దేవుడిలా కనిపించింది. ఇంటికి వస్తుంటే కాళ్లు తేలిపోతున్నాయి, రోడ్డు మెత్తగా ఉంది. బరువు తగ్గితే ఇట్లాగే తేలిగ్గా ఉంటుంది కాబోలు అనుకున్నాడు.

ఇంటికి వచ్చి, చెట్టంత లావున్న వసారా తాటిగుంజకూ తన నడుముకూ మోకు చుట్టి చూసుకున్నాడు. వేలెడు దగ్గరయింది. పదకొండు వేళ్లు మిగిలాయి, అయిదు రోజులు మిగిలాయి. నవనీత బీడీల కార్ఖానాకు పోయిన సమయం చూసి అట్టపెట్టె ముందు కూర్చున్నాడు. నీలం తాడు ముళ్లు విప్పాడు. మస్కట్ విమానంలో ముప్పై కిలోలు మోసిన తాడు. దాన్ని రెండు పేటలు చేసి మెలిపెట్టి, మోకు కొసకు మూడు ముళ్లు వేశాడు. పాదంతో తొక్కిపట్టి శక్తికొద్దీ లాగి చూశాడు. ఊడలేదు. ఇప్పుడు మోకు అందింది, ఇంకా నాలుగు వేళ్లు మిగిలింది కూడా. ఆ సంతోషం నిమిషం సేపు ఉంది. తర్వాత ఐలయ్య దుప్పటి కింది కాళ్లు గుర్తొచ్చాయి.

కాక చూస్తే ఒప్పుకోడు. కాబట్టి కాక రాకముందే ఒకసారి ఎక్కి చూసుకోవాలి. భయం తీరాలంటే ఎక్కడమే మందు అనుకున్నాడు.

ఏడో రోజు తెల్లవారుతుండగా వనానికి పోయాడు. ఉత్తకడుపు. గోలీ మాత్రం వేసుకున్నాడు. కాళ్లకు, చెట్టు మీద జారకుండా పట్టే తాటినార గుజి తగిలించుకున్నాడు. మోకు చుట్టి నీలం తాడును మెలికలో దూర్చి బిగించాడు. చెట్టుకు దండం పెట్టుకున్నాడు.

మొదటి మూడు నిలువులు ఒళ్లే ఎక్కింది. మోకును పైకి ఎగరేయడం, చెట్టును కావలించుకుని కాళ్లు పైకి లాక్కోవడం, మళ్లీ మోకు. చేతులు మరిచిపోలేదు. నాలుగో నిలువు దగ్గర ఊపిరి అందలేదు. ఆగి, పీల్చుకుని, మళ్లీ ఎక్కాడు. ఏడో నిలువులో చెమట పట్టింది. పొద్దుటి చలిలో, ఒళ్లంతా, చల్లటి చెమట. దిగిపోదామా అనుకున్నాడు. కానీ పైన మట్టల మొదళ్లు దగ్గరగా కనిపిస్తున్నాయి. దిగిపోతే మళ్లీ ఎక్కలేనని భయం వేసింది. ఆ భయంతోనే మిగిలిన మూడు నిలువులూ ఎక్కేశాడు. ఎడమచేత్తో ఒక మట్ట మొదలు పట్టుకున్నాడు.

అప్పుడు చేతులు వణకడం మొదలుపెట్టాయి.

ముందు వేళ్లు, తర్వాత మోచేతులు. ఆపుదామంటే ఆగలేదు. అవి తన చేతులు కానట్టు వణుకుతున్నాయి. కళ్ల ముందు చెట్టు బెరడు నల్లబడి, మళ్లీ తెల్లబడింది. నడుము వెనక మోకు సర్రున జారి, బెత్తెడు కిందకు వచ్చి ఆగింది. నైలాన్ తాడు తాటిబెరడును పట్టదు. నున్నగా జారుతుంది. మూడు ముళ్లలో ఒకటి సాగుతున్న చప్పుడు కనకయ్య చెవికి స్పష్టంగా వినిపించింది. చచ్చిపోతానని అతనికి తెలిసిపోయింది. దేవుడు గుర్తు రాలేదు. పెట్టె మీద రాసిన తన పేరు గుర్తొచ్చింది. చెట్టుకు చెంప ఆనించి, చిన్నపిల్లవాడిలా మూలిగాడు. ఎక్కడం మాట అటుంచి, దిగడానికి కూడా ఒక్క వేలు కదలలేదు.

ఎంతసేపు గడిచిందో తెలియదు. కింద మోపెడ్ వచ్చి ఆగింది. స్టాండు వేసిన చప్పుడు. బుచ్చన్న అరవలేదు. పక్కన కూర్చున్నవాణ్ని అడిగినట్టు అడిగాడు.

"కనకా, పొద్దుగాల ఏం తిన్నవ్?"

"ఏం తినలే."

"రాత్రి?"

"ఏం తినలే కాకా."

"గోలీ ఏసుకున్నవా?"

"ఏసుకున్న."

"నీ కుడి దిక్కు గెలకు లొట్టి ఉంటది. నిన్న మాపు ఉతికి కట్టిన. అందుతదా?"

కనకయ్య తల తిప్పకుండా కళ్లు తిప్పి చూశాడు. మట్టి కుండ మూతి భుజం దగ్గరే ఉంది. "అందుతది."

"మట్ట ఇడువకు. కుడిచేత్తోని దాన్ని వంచుకొని తాగు. పొద్దుగాలది, తియ్యగుంటది."

"తీపి కాకా... నాకు షుగరు..."

ప్రాణం పోతున్నా పథ్యం మరవని మనిషి. బుచ్చన్న గొంతు మొదటిసారి లేచింది. "తాగురా అంటాన!"

లొట్టి అంచు పళ్లకు తగిలింది. చీమలతో సహా తాగాడు. గడ్డం మీదుగా మెడలోకి కారింది. అయిదు రోజుల తర్వాత నోట్లో పడ్డ తీపి. ఇంకో నాలుగు గుక్కలు తాగాడు.

"గిప్పుడు కండ్లు మూసుకోకు. చెట్టును జూడు. రెండు నూర్లు లెక్కపెట్టు, నాకు ఇనబడాలె."

కనకయ్య లెక్కపెట్టాడు. ఎనభై దగ్గర చెమట ఆగింది. నూట అరవై దాటాక వేళ్లు తన మాట విన్నాయి. కానీ నీలం తాడును నమ్మడానికి లేదు. బుచ్చన్నకు కింది నుంచే అది కనబడింది.

"మోకు మీద ఒరగకు. లేదనుకో. చేతులతోని కావలించుకో. ఎడమ కాలు దించు. ఆఁ. కుడి కాలు. జెర ఆగు, ఊపిరి తీసుకో. కిందికి జూడకు, కింద నేనున్న."

పది నిలువులు దిగడానికి అరగంట పట్టింది. పొట్ట, ఛాతీ, ముంజేతులు గీసుకుపోయాయి. నేల తగలగానే చెట్టు మొదట్లో కూలబడి ఏడ్చాడు. బుచ్చన్న ఓదార్చలేదు. మోపెడ్ సంచీలోంచి టిఫిన్ తీసి, గటకలో పుంటికూర కలిపి ముద్ద చేసి చేతిలో పెట్టాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చున్నాడు. అది ఆయన తినవలసిన గటక.

"ఐలయ్య శివరాత్రి ఉపాసముండి తెల్లారి ఎక్కిండు," అన్నాడు చివరికి. "వద్దన్న. ఇనలే. చేతులెందుకు వణికినయో వానికి చెప్పలేక ఊకున్న."

ఆ తర్వాత కల్లుకత్తి తీసి మోకుకు కట్టిన నీలం తాడును కోసేశాడు. అందులోంచి జానెడు ముక్క కొలిచి, మళ్లీ కోసి, కనకయ్య చేతిలో పెట్టాడు.

"గిది నువ్వు తగ్గాల్సింది. అండ్ల నెలకు ఒక వేలు. తొందరపడితే పానం పోతది."

ఆ సాయంత్రం కనకయ్య నవనీతకు అంతా చెప్పాడు. మేక సంగతి కూడా చెప్పాడు. ఆమె చేతిలో బీడీ సగం చుట్టి ఉంది. దాన్ని చాటలో పెట్టింది. మొగుడి గీసుకుపోయిన చేతులు పట్టుకుని చూసింది. చూసి, ఆ చేతుల మీదే రెండు దెబ్బలు వేసింది. తర్వాత లేచిపోయి పొయ్యి ముట్టించింది. జొన్నరొట్టె, పెసరపప్పు, గిన్నెడు చిక్కుడుకాయ కూర ముందు పెట్టింది. అతను ఆఖరి ముక్క మింగేవరకు కళ్లు తిప్పలేదు. జేబులోంచి మానస రాసిన చీటీ తీసుకుని, పళ్లెం బొమ్మను గోడకు అన్నం మెతుకుతో అంటించింది.

పదో రోజు ఆబ్కారీ సారు వచ్చాడు. ఆయన కూడా మంచి దేహమున్న మనిషే. జీపు దిగి కుర్చీ కోసం చుట్టూ చూశాడు. సంఘం మనుషులు యాభై మంది దాకా వనంలో చేరారు. ముందు ఇద్దరు కుర్రవాళ్లు ఎక్కి దిగారు. సారు పుస్తకంలో రాసుకున్నాడు.

కనకయ్య వంతు వచ్చింది. సంఘం పెద్దమనిషి పక్కకు వచ్చి చెవిలో అన్నాడు. "రెండు నిలువులు ఎక్కి దిగు, చాలు. సారుకు చెప్పిన. మోకు కట్టినట్టు పట్టుకో. పేరు ఎక్కిచ్చుకుంటడు."

కనకయ్య గుండె ఒక్కసారి తేలికైంది. రెండు నిలువులంటే ఎంత? కిటికీ ఎక్కినట్టు ఎక్కి రావచ్చు. చెట్లు దక్కుతాయి, పరువు దక్కుతుంది. బుచ్చన్న వైపు చూశాడు. ఆయన విన్నట్టు లేడు, మోకాలు రుద్దుకుంటున్నాడు. పేరు ఈ రోజు ఎక్కుతుంది, నిజమే. రేపు పొద్దున ఎక్కవలసింది తను. ఎల్లుండి కూడా తనే. పన్నెండు చెట్లు, ఒక్కోటి పది నిలువులు. మట్ట మొదలు పట్టుకుని వణికిన చెయ్యి గుర్తొచ్చింది.

చెట్టు దగ్గరకు పోయాడు. తండ్రి మోకును చుట్టూ తిప్పాడు. రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని, మధ్యలో ఖాళీ అందరికీ కనబడేలా అట్లాగే నిలబడ్డాడు.

"జానెడు తక్కువున్నది సార్. అందుతలేదు. వచ్చే ఏడు చూడుండ్రి."

నవ్వులు లేచాయి. "మస్కట్ నుంచి జానెడు మోకు తెచ్చుకోకపోయినవ్?" అన్నారెవరో. సారు కూడా నవ్వి పుస్తకం మూశాడు. కనకయ్య చెవులు మండిపోయాయి. సిగ్గుతో చచ్చిపోవడం అంటారు గానీ, సిగ్గుతో ఎవరూ చావరని మూడు రోజుల కింద చెట్టు మీద తెలుసుకున్నవాడు కాబట్టి నిలబడగలిగాడు.

"మరి పన్నెండు చెట్లు ఎట్ల? పంచుదామా?" అడిగాడు పెద్దమనిషి.

చెట్లు పోయినట్టేనని కనకయ్య మోకు చుట్టుకోసాగాడు. వెనక నుంచి బుచ్చన్న గొంతు వినబడింది.

"నా పేరు కొట్టెయ్యకుండ్రి. ఇంకో ఏడు నేనే ఎక్కుత."

"మోకాళ్లు ఆగుతయా తాతా?" అన్నాడు సారు.

"ఆగకపోతే నేను దిగుత. మీరెందుకు ఫికరు పడ్తరు?"

నవ్వులు ఆగిపోయాయి. కనకయ్య తల ఎత్తలేకపోయాడు. తన పన్నెండు వేళ్ల కోసం ముసలివాడు ఏడాది పాటు రోజూ పది నిలువుల ఎత్తున వేలాడాలి. వద్దనడానికి నోరు తెరిచాడు. వద్దంటే చెట్లు పోతాయి. నోరు మూసుకున్నాడు. ఆ మూసుకోవడమే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

మర్నాడు ఇంకా చీకటి విడకముందే నవనీత లేపింది. గటక పోసి, పక్కన పుంటికూర పెట్టింది. తిన్నాక గోలీ ఇచ్చింది. మోకు తగిలించే చిలక్కొయ్యకు నీలం తాడు ముక్క వేలాడుతోంది. బీడీలకు చుట్టే దారంతో ఆమె దాన్ని పన్నెండు భాగాలు చేస్తూ, వేలెడు దూరానికొకటి చొప్పున పదకొండు ముళ్లు వేసింది. నెల దాటాక కొలిచి, నిజంగా తగ్గితేనే ఒక వేలు కోయాలని షరతు పెట్టింది. ఇప్పుడు తగ్గింది నీళ్లేనని మానస చెప్పిన మాట ఆమెకు నమ్మకంగా తోచింది.

కనకయ్య లొట్లు కావడిలో పెట్టుకుని నడిచాడు. ఊరి నుంచి వనానికి పావుగంట నడక. దారిలో ఒకడు "పొద్దుగాలనే కల్లుకా?" అని పలకరించాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటుంది లోకం, నడిస్తే మాత్రం ఊరుకుంటుందా? ఐలయ్య వసారా దగ్గర ఈసారి ఆగాడు. చేతులు ఎందుకు వణికాయో చెప్పాడు. ఐలయ్య చాలాసేపు కప్పు వైపు చూసి, "గట్లనా," అన్నాడు.

వనంలో బుచ్చన్న అతన్ని ఒక్క నిలువే ఎక్కించాడు. ఎక్కు, దిగు. మూడుసార్లయ్యాక చాలన్నాడు. తర్వాత తను మోకు కట్టుకున్నాడు. మోకాళ్లు రెండు పటపటమన్నాయి. చెట్టును ముట్టి కళ్లకద్దుకుని ఎక్కడం మొదలుపెట్టాడు.

కనకయ్య కింద నిలబడ్డాడు. మోకు ఎగరేసిన చప్పుడు, కాళ్లు లాక్కున్న చప్పుడు. మూడు నిలువులు, అయిదు, ఆరు. ఆరో నిలువు దగ్గర చప్పుడు ఆగింది. బుచ్చన్న కదలడం లేదు. మోకు మీద వాలి, ఒక చేత్తో మోకాలు పట్టుకున్నాడు. తను చెట్టు పైన ఉన్నప్పుడు కూడా కనకయ్యకు ఇంత భయం వేయలేదు. అప్పుడు పడేది తనొక్కడే. అరవకూడదని గుర్తు తెచ్చుకున్నాడు. గొంతు సవరించుకుని, పక్కన కూర్చున్నవాణ్ని అడిగినట్టు అడిగాడు.

"కాకా, పొద్దుగాల ఏం తిన్నవ్?"

గాలికి మట్టలు గరగరమన్నాయి.

"గటక తిన్నరా. నువ్వు తిన్నవా?"

"తిన్న."

మోకు చప్పుడు మళ్లీ మొదలైంది. ఇంకా పదకొండు చెట్లున్నాయి.